డెబియన్‌తో పన్నెండేళ్లు: పేరు చెప్పడం కూడా తప్పేనా?

2011లో, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రకాల్లో (డిస్ట్రోల్లో) ఒకటైన డెబియన్ 6వ వెర్షన్ వచ్చిన కొత్తలో దాన్ని నా ల్యాప్‌టాప్‌లో వేసుకున్నాను. ఇన్‌స్టాలర్ మధ్యలో ఆగి, వైఫై కార్డుకు స్వేచ్ఛ లేని (సోర్సు కోడ్ చూసి మార్చుకునే వీల్లేని) ఫర్మ్‌వేర్, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, కావాలని, ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెట్టమని అడిగింది. ఇంట్లో మరో కంప్యూటర్ లేదు. ఫైలు పేరు కాగితం మీద రాసుకుని నెట్ సెంటర్‌కు వెళ్లాను. దారి పొడవునా తిట్టుకున్నది మాత్రం సోర్సు బయటపెట్టని ఆ కార్డు తయారీదారునే.

కొన్నేళ్ల తర్వాత, అంత విసుగు ఎందుకు, అసలు మచ్చలేని డిస్ట్రోనే వాడదామని, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆమోదించిన ఒకదాన్ని అదే ల్యాప్‌టాప్‌లో వేసి చూశాను. అందులో ఉండేది లైనక్స్‌లిబ్రే కర్నెల్, అంటే స్వేచ్ఛ లేని భాగాలు తీసేసిన లైనక్స్ మూలభాగం. వైఫై రాలేదు. అది ఊహించిందే. కారణం చూద్దామని లాగ్ తెరిస్తే, ఫైలు పేరు ఉండాల్సిన చోట ‘డీబ్లాబ్డ్’ (స్వేచ్ఛ లేనిది తీసేశాం) అన్న ముద్ర ఒక్కటే ఉంది. స్వేచ్ఛ లేనిదాని వైపు వాడుకరిని నడిపించకూడదన్నది ఫౌండేషన్ నియమం. అందుకని పేరే చెరిపేశారు. నా కార్డుకు ఏం కావాలో నాకే తెలియనివ్వని స్వేచ్ఛ అది! మూడు నెలలు తంటాలు పడి తిరిగి డెబియన్‌కే వచ్చేశాను.

డెబియన్ పద్ధతి వేరు. డెబియన్ తన వాడుకరులకు హామీగా రాసుకున్న 1997 నాటి సామాజిక ఒప్పందం ప్రకారం నాన్‌ఫ్రీ (స్వేచ్ఛ లేని సాఫ్ట్‌వేర్) విభాగం డెబియన్‌లో భాగం కాదు, అయినా దాన్ని తమ సర్వర్లలోనే ఉంచుతారు. ఫౌండేషన్ ఆమోదం డెబియన్‌కు దక్కకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అసలు డెబియన్ అయిన మెయిన్ విభాగంలోని ప్యాకేజీ నాన్‌ఫ్రీ ప్యాకేజీ మీద ఆధారపడకూడదు, దాన్ని ‘రికమెండ్’ కూడా చేయకూడదు. ‘సజెస్ట్’ మాత్రం చేయవచ్చు. తేడా చిన్నదేమీ కాదు. రికమెండ్ చేసినవాటిని ఆప్ట్ (ప్యాకేజీలు వేసే ప్రోగ్రామ్) మామూలుగా తనే ఇన్‌స్టాల్ చేసేస్తుంది, సజెస్ట్ చేసినవాటి పేర్లు మాత్రం చూపించి ఊరుకుంటుంది. ఆపై మన ఇష్టం. ఇన్నేళ్లలో ఆ పేర్లు చూసి నేను వేసుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పేరు కనబడినంత మాత్రాన ఎవరూ చెడిపోరు.

2018 జనవరిలో ప్రాసెసర్లలోని స్పెక్టర్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు ఈ విషయం నాకు మరింత బాగా అర్థమైంది. దాన్ని సరిదిద్దడంలో అవసరమైన కొత్త మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే కోడ్) ప్యాకేజీ అప్పట్లో నాన్‌ఫ్రీలోనే ఉండేది. వద్దనుకుంటే చిప్‌లో మూసిపెట్టిన పాత మైక్రోకోడ్ నడుస్తుంది, అదీ స్వేచ్ఛ లేనిదే. అలాంటప్పుడు కొత్తదాని పేరు దాచి సాధించేది ఏముంది?

2023లో డెబియన్ 12 వచ్చింది. అంతకు ముందు ఏడాది సభ్యులు ఓటు వేసి ఒప్పందాన్ని సవరించుకున్నారు. దాంతో ఫర్మ్‌వేర్‌కు ప్రత్యేక విభాగం ఏర్పడి, అధికారిక ఇన్‌స్టాలర్‌లోకే చేరింది. కొత్త ల్యాప్‌టాప్‌లో మొదటి నిమిషంలోనే వైఫై పట్టేసింది. ప్రాణం లేచివచ్చినట్టయింది. మర్నాడు ప్యాకేజీలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పే సోర్సెస్ జాబితా తెరిచి చూస్తే, మెయిన్ పక్కన ఆ కొత్త విభాగం పేరు చేరి ఉంది. నన్ను అడిగిన గుర్తు లేదు. వద్దనుకునేవారు బూట్ సమయంలో ‘ఫర్మ్‌వేర్=నెవర్’ అని ఇవ్వవచ్చు, కానీ ఆ సంగతి కొత్తగా వచ్చినవారికి ఎలా తెలుస్తుంది? ఇవ్వడం మంచిదే, ఒక్క ప్రశ్న అడిగి ఇస్తే ఇంకా బాగుండేది. డెబియన్‌కు నేనిచ్చే రేటింగులో ఒక నక్షత్రం తగ్గించింది అందుకే.

వ్యవస్థలో స్వేచ్ఛ లేనివి ఏమేం ఉన్నాయో చెప్పే చిన్న ప్రోగ్రామ్ ఒకటి డెబియన్‌లో ఉంది. ఇప్పుడు పేరు మార్చారు కానీ, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ స్థాపకుడి పేరు మీద ‘వర్చువల్ రిచర్డ్ ఎం. స్టాల్‌మన్’ అన్న చమత్కారం నుంచి పుట్టిన వీఆర్‌ఎంఎస్ అన్న పాత పేరే నా నోటికి అలవాటు. అప్పుడప్పుడు దాన్ని నడుపుతుంటాను. నా దగ్గర మూడు పేర్లు వస్తాయి: వైఫై ఫర్మ్‌వేర్, మైక్రోకోడ్, ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ మాన్యువల్. మూడోది స్టాల్‌మన్‌గారి సొంత సంస్థ ప్రచురించిందే. అందులో మార్చకూడని భాగాలు ఉన్నాయని డెబియన్ దాన్ని నాన్‌ఫ్రీలో పెట్టింది.