మూడేళ్ల ఎస్‌ఎస్‌డీ క్యాష్: పెళ్లి ఫొటోల సర్వర్‌లో ఏం పనికొచ్చింది, ఏం ముంచింది

నల్లగొండలో మాది పెళ్లిళ్ల ఫొటో, వీడియో ఎడిటింగ్ పని. నాలుగు 4 టీబీ హార్డ్‌డిస్కులతో రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే అమరిక), వాటి ముందు 500 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, తరచూ వాడే డేటాను ఆ వేగమైన ఎస్‌ఎస్‌డీలో క్యాష్‌గా ఉంచే లైనక్స్‌లోని బీక్యాష్. మూడేళ్లుగా ఇదే నడుస్తోంది.

ఆల్బమ్‌కి ఫొటోలు ఎంచుకోవడానికి పెళ్లివాళ్లు షాపుకే వస్తారు. ఒక్కో పెళ్లికి మూడు నాలుగు వేల ఫొటోలు. ఇదివరకు ఫోల్డర్ తెరిస్తే ఖాళీ గళ్లు కనిపించి, ఒక్కో వరుసే మెల్లగా నిండేది. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన చాయ్ తాగడం అయిపోయినా తలంబ్రాలు రాలేదు. "గీ లోపట ఇంకో పెండ్లి జేయొచ్చు తమ్మీ" అన్నాడు. ఇప్పుడు పొద్దున్నే ఆ ఫోల్డర్‌ను ఒకసారి పైనుంచి కిందికి తిప్పి పెడతాం. వాళ్లు వచ్చేసరికి థంబ్‌నెయిల్స్ ఎస్‌ఎస్‌డీలో ఉంటాయి, చకచకా వచ్చేస్తాయి. సర్వర్ రీస్టార్ట్ చేసినా క్యాష్ పోదు. నిరుటి పెళ్లివాళ్లు ఫ్రేమ్ కట్టించుకుందామని వస్తే మాత్రం, వాళ్ల ఫొటోలు క్యాష్‌లో ఉండవు కాబట్టి, మళ్లీ పాత నడకే.

వీడియోకి పైసా లాభం లేదు. వరసగా 4 ఎంబీ దాటి చదివితే బీక్యాష్ ఎస్‌ఎస్‌డీని పక్కనపెట్టి నేరుగా డిస్కుల నుంచే తెస్తుంది. తప్పేం లేదు, వరసగా చదవడంలో నాలుగు డిస్కులూ కలిస్తే గట్టివే. మా ఇరుకంతా గిగాబిట్ నెట్‌వర్క్‌లో ఉంది, సెకనుకు 110 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఎస్‌ఎస్‌డీ కొన్న ఆరు నెలలకు గానీ ఇది నా బుర్రకెక్కలేదు.

మొదటి ఏడాది రైట్‌బ్యాక్ పెట్టాను. సేవ్ చేసింది ముందు ఎస్‌ఎస్‌డీలో పడి, తీరిగ్గా డిస్కులకు చేరుతుంది. హాయిగానే ఉండేది. మే నెలలో ఒక సాయంత్రం గాలివానకి కరెంటు పోయింది, బ్యాటరీ ముసలిదైన యూపీఎస్ రెండు నిమిషాలకే చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక చూస్తే కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే బయోస్‌లో కూడా ఎస్‌ఎస్‌డీ కనబడలేదు. హార్డ్‌డిస్కులు నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి, అయినా ఫైల్ సిస్టమ్ మౌంట్ కాలేదు, అంటే ఫైళ్లేవీ తెరుచుకోలేదు. కిందికి ఇంకా దిగని మార్పులన్నీ ఎస్‌ఎస్‌డీతోనే పోయాయి మరి. ఒక డిస్కు పోతే రెయిడ్ ఆదుకుంటుందని ధీమాగా ఉన్నాను, ముందు ఒంటరిగా కూర్చున్న ఎస్‌ఎస్‌డీ సంగతే ఆలోచించలేదు. పాతవి బ్యాకప్ నుంచి తెచ్చుకున్నాం. ఆ రోజు దింపిన పెళ్లి మాత్రం కెమెరా కార్డుల్లోనే దొరికింది, మా తమ్ముడు బద్ధకించి ఫార్మాట్ చేయలేదు. ఆ బద్ధకానికి బిర్యానీ పెట్టించాను.

అప్పటినుంచి రైట్‌త్రూనే, అంటే సేవ్ చేసింది వెంటనే డిస్కులకూ చేరే పద్ధతి. సేవ్ చేసే వేగం పెరగదు, కానీ ఎస్‌ఎస్‌డీ చచ్చినా డేటా డిస్కుల్లో ఉంటుంది. రైట్‌బ్యాకే కావాలంటే కరెంటు పోయినా తట్టుకునే కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీలు రెండు, రెండింట్లోనూ అదే డేటా ఉండేలా మిర్రర్‌గా పెట్టాలి. నేనైతే ఆ డబ్బుతో ముందు యూపీఎస్ బ్యాటరీ మార్పించి, మిగిలితే ర్యామ్ వేయిస్తాను.

చిన్న ఫైళ్లు పదేపదే తెరిచే షాపుకైతే మళ్లీ ఇదే పెడతాను. వీడియో టేబుల్‌కి మాత్రం క్యాష్ గొడవ లేకుండా విడి ఎస్‌ఎస్‌డీ ఒకటి ఇచ్చేశాను. నడుస్తున్న పెళ్లి అందులో ఉంటుంది, డెలివరీ అయ్యాక రెయిడ్‌లోకి వెళ్తుంది.