ఆనందపురం దారిలో కొన్న సూడోమోనాస్ పొడి

మా వంగ మొక్కలు ఆకు పచ్చగా ఉండగానే తలలు వాల్చేసి చచ్చిపోయేవి. కాండం కోసి గ్లాసు నీళ్లలో ముంచితే పాలలాంటి తీగ కిందికి జారింది. బాక్టీరియా ఎండు తెగులే!

తెగుళ్లని అణిచే మేలు బాక్టీరియా సూడోమోనాస్. నగరంలో ఒక కొట్లో కొన్న ఆ పొడి ఏమీ పనిచేయలేదు. ఆ ప్యాకెట్లు ఎండ తగిలే అద్దాల బీరువాలో ఉండేవి. బతికున్న సూక్ష్మజీవుల్ని అలాగేనా ఉంచేది?

ఈసారి ఆనందపురం దారిలో, ఆ బాక్టీరియాని పెంచే చిన్న యూనిట్‌కే వెళ్లాను. లోపలికి తీసుకెళ్లి అంతా చూపించారు. 28 డిగ్రీల దగ్గర షేకర్ అనే ఊపే యంత్రం మీద ఫ్లాస్కులు తిరుగుతున్నాయి. ద్రవం పసుపుపచ్చ. అతినీల కాంతి వేయగానే లేత ఆకుపచ్చగా వెలిగింది, ఎంత ముచ్చటేసిందో! సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్‌కి ఆ పేరు అందుకే. ఆ కల్చర్‌ని శుద్ధిచేసిన టాల్క్ పొడిలో కలిపి నీడన ఆరబెడతారు. ప్యాకెట్ మీద తయారీ తేదీ, గ్రాముకి ఎన్ని జీవకణాలో రాసి ఉంది.

కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టించాను. మిగతాది మాగిన పశువుల ఎరువులో కలిపి, తడి ఆరకుండా వారం నీడలో ఉంచి మడిలో వేశాను. అప్పటికే వాలిన మొక్కలు తేరుకోలేదు. కొత్త నారు 40 మొక్కల్లో రెండే పోయాయి.

లోటు ఒక్కటే. రాగి మందులతో కలపకూడదన్న మాట కరపత్రంలో ఇంగ్లీషులోనే ఉంది. మన రైతులకి అది తెలుగులో, పెద్దక్షరాల్లో కావాలి.