రిమాండులో ఉన్న ఆడవాళ్లకు ఉచిత లాయరు: ఈ సేవ ఎంతవరకు పనికొస్తుంది?

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చే ఉచిత లాయరు సేవలో చట్టం తెలిసినవాళ్లకు కొదవ లేదు, కూర్చుని వినేవాళ్లే తక్కువ. అయినా 'ఊరికే వచ్చే లాయరు ఏం చేస్తాడులే' అని కొట్టిపారేసే రోజులు పోయాయి. 2022లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతిలో చేరినవాళ్లు ప్రైవేటు కేసులు పట్టకూడదు. నిందితుల తరఫునే పూర్తికాలం పనిచేయాలి. ఫీజు బాకీ పడిందని వాయిదాకు ముఖం చాటేసే బెడద ఇక్కడ లేదు.

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదు, కస్టడీలో ఉన్నవాళ్లకూ లేదు. ఆదాయ సర్టిఫికెట్ తెమ్మంటే ఈ సెక్షన్ చూపించండి. లోపలున్న మనిషి జైలు లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. బయట ఉన్నవాళ్లు 15100కు ఫోన్ చేయవచ్చు. ఫోన్ చేసేముందు ఎఫ్‌ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్, సెక్షన్లు, రిమాండ్ తేదీ, తర్వాతి వాయిదా, వీలైతే జైల్లో ఇచ్చిన యూటీ (విచారణ ఖైదీ) నంబరు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. రిమాండ్ తేదీ ఒక్కటి తప్పు చెప్పినా ఎంత నష్టమో కింద చూడండి.

అసలు పరీక్ష జైల్లో జరిగే మొదటి ములాఖత్. చాలాచోట్ల సేవ కుంటుపడేది ఇక్కడే. లాయరు నిలబడే, ఫైలు తిప్పుతూ, "ఏం చేశావ్? ఎందుకు చేశావ్?" అని మొదలుపెడతారు. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న మనిషికి ఆ గొంతు ఇంట్లో విన్న గొంతులాగే ఉంటుంది. తల దించుకుని, అన్నిటికీ "ఊ" అంటుంది. లేదంటే జరిగింది వరుసలో చెప్పలేక మొన్న ఒక తేదీ, ఇవాళ ఇంకో తేదీ చెబుతుంది. 'పొంతన లేకుండా మాట్లాడుతోంది' అని లాయరు పెన్ను మూసేస్తారు. ఆమె అబద్ధమాడుతోందని దానికి అర్థం కాదు. భయంలో గడిచిన సంగతులు మనసులో ముక్కలుగానే నిలుస్తాయి, వరుస తర్వాత మెల్లగా కుదురుతుంది.

పని తెలిసినవాళ్లు ఇలా మొదలుపెడతారు: "అమ్మా, నేను మీ తరఫు లాయర్ని. పోలీసుల మనిషిని కాదు. మీరు చెప్పింది మీరు ఒప్పుకోనిదే బయటికి పోదు. ఇవాళ అంతా చెప్పక్కర్లేదు." మొదటి ప్రశ్న కేసు గురించి కాదు, "పిల్లలు ఎవరి దగ్గరున్నారు?" అని. తర్వాత వాడుతున్న మందులు, నెలసరి, కడుపుతో ఉన్నారా అన్నది. సంఘటన గురించి అడిగేముందు, "ఇప్పుడు ఆ రాత్రి సంగతి అడుగుతాను, వద్దనిపిస్తే ఆపమనండి" అని చెప్పి అడుగుతారు. ఆమె తలుపు చూడగలిగే చోట కూర్చుంటుంది, వెనక ఎవరూ నిలబడరు. గార్డు చూపుకు అందేంత దూరంలో ఉంటారు, మాట వినిపించేంత దగ్గరగా కాదు. చెప్పింది ఒక్కసారే శుభ్రంగా రాసి ఫైల్లో పెడితే, లాయరు మారినప్పుడల్లా ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాల్సిన పని ఉండదు. ఇంత చేయడానికి అదనంగా పట్టేది ఇరవై నిమిషాలే.

ఆ ఇరవై నిమిషాలు బెయిలు పిటిషన్‌లో కనిపిస్తాయి. ఆడవాళ్లకు, రోగులకు బెయిలు ఇవ్వవచ్చనే వెసులుబాటు పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 480వ సెక్షన్‌లో ఉంది. 'నిందితురాలు స్త్రీ గనుక' అని ఒక్క లైను రాసి వదిలేస్తే దానికి బలం రాదు. పిల్లల వయసులు, పాలు తాగే బిడ్డ ఉందా, ఒంటిమీది పాత గాయాలు అన్నీ రాయాలి. అరెస్టు తర్వాత డాక్టరు గాయాలు నమోదు చేయాలనీ, ఆ రిపోర్టు కాపీ ఆమెకు ఇవ్వాలనీ అదే చట్టం 53వ సెక్షన్ చెబుతుంది. లాయర్లు ఎక్కువగా మరిచిపోయే కాగితం ఇదే. మొగుడి దెబ్బలకు ఎదురు తిరిగిన కేసుల్లో పది రోజులకు కమిలిన మచ్చలు మాసిపోతాయి, ఆ కాగితమే మిగులుతుంది.

రోజుల లెక్కలో మాత్రం ఈ లాయర్లు చాలామంది ప్రైవేటువాళ్లకంటే గట్టివాళ్లు. పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకు 90 రోజుల్లో, మిగతావాటికి 60 రోజుల్లో చార్జిషీటు రాకపోతే బెయిలు హక్కవుతుంది. రిమాండ్ చేసిన రోజును కూడా లెక్కలో కలపాలని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. గడువు దాటాక, చార్జిషీటు పడకముందే పిటిషన్ వేయాలి. ఉదయం పోలీసులు చార్జిషీటు వేసి, మీరు మధ్యాహ్నం వెళ్తే హక్కు పోయినట్టే. విశాఖ ఏజెన్సీ వైపు గంజాయి మూటలతో పట్టుబడ్డ ఆడవాళ్ల లెక్క వేరు: 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ (వ్యాపార పరిమాణం), గడువు 180 రోజులు, పైగా బెయిలును కట్టడి చేసే మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షన్ అడ్డం. '90 రోజుల్లో తెచ్చేస్తాం' అని అక్కడ ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

బెయిలు వచ్చినా షూరిటీ దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లు ఎందరో. పుట్టింటివాళ్లు పరువంటారు, అత్తింటివాళ్లే అవతలి పక్షం. ఆర్డరు వచ్చిన వారంలో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. నెలలోగా షూరిటీ ఇవ్వలేకపోతే కోర్టు తానే షరతులు సడలించే సంగతి చూడవచ్చు. పేద ఖైదీల కోసం కేంద్రం తెచ్చిన పథకంలో విచారణ ఖైదీకి బెయిలు కోసం, శిక్ష పడినవాళ్లకు జరిమానా కోసం డబ్బు సాయం ఉంది. ఎన్‌డీపీఎస్ కేసులకు ఇది వర్తించదు. ఆ వారం దాటగానే లాయరు జైలుకు ఒక గుర్తుచేసే ఉత్తరం రాస్తే ఫైలు కదులుతుంది, రాయకపోతే అటకెక్కుతుంది.

కౌన్సెలింగ్ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. నిద్రమాత్ర ఇచ్చి పంపడం వైద్యం కాదు. బయటికి వచ్చాక ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

పిల్లల విషయంలో లాయర్లు వాడుకోని ఆయుధం ఒకటుంది: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంపై నడిచిన ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో 2006 నాటి తీర్పు. ఆరేళ్ల వరకు బిడ్డ తల్లి దగ్గర ఉండవచ్చు, జనన ధ్రువపత్రంలో పుట్టినచోటు జైలని రాయకూడదు. సంక్షేమ శాఖ హోమ్‌కు పంపిన బిడ్డ వారానికొకసారైనా తల్లిని చూడాలి. చూపించడం లేదంటే పిటిషన్ వేయవచ్చు, ఉచిత లాయరు సేవలో అదీ భాగమే.

విడుదల రోజున ఫైలు మూసేయడం ఈ సేవలోని పెద్ద లోపం. ఆర్డరు మధ్యాహ్నంలోపు జైలుకు చేరేలా చూడాలి. ఆధార్, ఫోను, మందుల చీటీ, లోపలికి వెళ్లేటప్పుడు తీసుకున్న నగలకు రసీదు ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. దిక్కులేనివాళ్లకు ఆడవాళ్ల ప్రభుత్వ ఆశ్రయమైన శక్తి సదన్‌లో చోటు ముందురోజే అడిగి ఉంచాలి. గేటు బయటికి తీసుకెళ్లడానికి ఎవరు వస్తున్నారో, ఆ వచ్చేది ఆమెను కొట్టిన మనిషే కాదు కదా అన్నది ఎవరూ వినని చోట ఆమెనే అడగాలి.