ప్లాంటు మూసేయడమా, ఎఫ్‌జీడీ బిగించడమా?

ఢిల్లీ గాలిని పాడుచేసే బొగ్గు విద్యుత్ కేంద్రాలకు రెండే దారులు: మూసేయడం, లేదా పొగలోని సల్ఫర్‌ను తీసేసే ఎఫ్‌జీడీ అనే పరికరం బిగించడం.

మొదటిది ఢిల్లీలోని బదర్‌పూర్‌లో జరిగింది. ప్రభుత్వ రంగ విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ నడిపిన 705 మెగావాట్ల ఆ కేంద్రం 2018 అక్టోబరులో ఆగిపోయింది. పొగ, బూడిద ఒక్కసారే పోయాయి. కాకపోతే ఆ కరెంటు ఇంకెక్కడి నుంచో రావాలి. అక్కడా బొగ్గే కాలిస్తే పొగ చిరునామా మారిందంతే.

ఎఫ్‌జీడీలో సున్నపురాయి ద్రావణం సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టి జిప్సంగా మారుస్తుంది. వదిలేస్తే ఆ వాయువే సన్నటి సల్ఫేట్ కణాలై చాలా దూరం పోతుంది. కరెంటూ ఆగదు. చిక్కల్లా కంపెనీలతోనే! కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో నిబంధనలు తెచ్చి 2017 దాకా గడువిచ్చింది. ఖర్చు ఎక్కువని విద్యుత్ సంస్థలు మొత్తుకోవడం, గడువు జరగడం మామూలైపోయింది. చివరికి 2025 జూలైలో చాలా కేంద్రాలకు మినహాయింపే దొరికింది. ఢిల్లీ పరిసరాలకు, 10 లక్షల జనాభా దాటిన నగరాలకు 10 కి.మీ. లోపు ఉన్నవాటికి మాత్రం 2027 చివరిదాకా గడువు.

నన్నడిగితే, ఊరి మధ్య ముసలి ప్లాంటుకు మూతే మేలు. ఇంకా ఇరవై ఏళ్లు నడిచేదానికి ఎఫ్‌జీడీ పెట్టాల్సిందే. ఆ ఖర్చు ఎలాగూ మన కరెంటు బిల్లులోకే వస్తుంది.