ఏనుగు మల్లమ్మ కొండ మీద ఒక రాత్రి

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకు కొండ అంటే ఒకటే. "వచ్చే ఆదివారం కొండకు పోదామా అత్తా?" అని అడిగితే మా అత్త వెంటనే "టోకెన్లు దొరికినాయా?" అంది. ఆ కొండ కాదు, హార్స్‌లీ హిల్స్ అని చెప్పాను. "అక్కడ చూసేదానికి ఏముందమ్మా?" అని అడిగింది. రెండేళ్ల కిందట మే నెలలో పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చినప్పుడు నాకూ అదే అనిపించింది. పార్కు చూశాం, ఫొటోలు తీసుకున్నాం, పార్కింగ్ కోసం అరగంట తిరిగాం, దిగిపోయాం. ఈసారి నవంబరు చివర్లో ఒక రాత్రి ఉండేలా వెళ్లాం. ఆ కొండకు వెళ్లాల్సింది ఇలాగేనని అప్పుడు అర్థమైంది.

తిరుపతి నుంచి సుమారు 150 కిలోమీటర్లు. రంగంపేట, భాకరాపేట ఘాట్, పీలేరు, వాయల్పాడు మీదుగా మదనపల్లె, అక్కడి నుంచి ఇంకో 30 కిలోమీటర్లు. పీలేరులో టిఫిన్‌కు ఆగి, మధ్యలో అత్త కాళ్లు చాపుకోవడానికి రెండుసార్లు ఆపి నాలుగున్నర గంటల్లో చేరాం. కారు లేనివాళ్లు మదనపల్లె దాకా ఆర్టీసీ బస్సులో హాయిగా రావచ్చు. కొండ మీదికి మాత్రం బస్సులు తక్కువ. పెద్దవాళ్లు, సామాను ఉంటే మదనపల్లెలో ఆటోనో కారో మాట్లాడుకోవడమే మంచిది.

ఘాట్ మొదలయ్యాక మా ఆయన ఏసీ ఆపి అద్దాలు దించారు. రెండు మూడు మలుపులు తిరిగేసరికి నీలగిరి చెట్ల వాసన కారు నిండా వచ్చేసింది. జలుబు చేస్తే నుదుటికి రాసుకునే తైలం వాసనే, కానీ చల్లగా, పచ్చిగా ఉంటుంది. సముద్రమట్టానికి నాలుగు వేల అడుగులకు పైన ఉన్న కొండ ఇది. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర వేసవికి ఇక్కడ బంగ్లా కట్టుకోవడంతో ఆయన పేరు స్థిరపడిపోయింది. అప్పట్లో ఈ ప్రాంతం కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది, 2022 విభజనలో మళ్లీ చిత్తూరు నుంచి విడిపోయింది. మాకు మాత్రం ఇది ఇప్పటికీ మా జిల్లా కొండే.

దీని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయని, కొండ మీది చెంచులకు ఆమె మందులిచ్చి కాపాడేదని, ఒకనాడు కనిపించకుండా పోయిందని చెప్పుకుంటారు. ఆమెకు చిన్న గుడి ఉంది. అత్త అక్కడే చాలాసేపు కూర్చుంది. "ఇక్కడ ఎవరూ జరగండి జరగండి అనరు" అంది సంతోషంగా.

బస గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కొండ మీద టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఉంది, కొన్ని ప్రైవేటు బసలూ ఉన్నాయి. మేం ఒక ప్రైవేటు బసలో దిగాం. ఫోన్‌లో 24 గంటలూ వేడినీళ్లు అన్నారు. తీరా చూస్తే గీజర్ పనిచేయలేదు. పొద్దున ఆరింటికి పనిపిల్లాడు వంటింట్లో కాచిన నీళ్లు రెండు బకెట్లు మోసుకొచ్చాడు. ఆ చలిలో వాడు మెట్లెక్కి రావడం చూసి బాధనిపించింది. డబ్బు తీసుకున్నవాళ్లు గీజర్ బాగు చేయించాలి గానీ పిల్లాడి చేత మోయించడం ఏం న్యాయం? గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు అడిగినన్ని ఇచ్చారు. కానీ కిటికీ తీస్తే ఎదురుగా గోడ. కొండ మీద గది తీసుకునేటప్పుడు ఏసీ ఉందా అని కాదు, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, గది కింద ఉందా పైనా, లోయ అంచున ఉన్న గాలిబండకు నడిచి వెళ్లొచ్చా అని అడగండి. రాత్రి భోజనం సాయంత్రమే చెప్పి పెట్టుకోండి, పొద్దుపోయాక పెద్దగా ఏమీ దొరకదు. మేం ఇంటి నుంచి తెచ్చుకున్న చిత్రాన్నం, చెనిక్కాయల చట్నీ ఆ రాత్రి మమ్మల్ని కాపాడాయి. మదనపల్లెలో లాడ్జీలు చవక, ఎంచుకోవడానికి ఎక్కువ కూడా. కానీ అక్కడ దిగితే చీకటి పడకముందే కొండ దిగాలి. నా లెక్కలో అది సగం యాత్రే.

ఎందుకంటే గాలిబండ అసలు అందం ఆ వేళలోనే. పెద్ద ఏటవాలు బండ, దాని అంచు దాటితే లోయ. మేం వెళ్లేసరికి జాతరలా ఉంది. సెల్ఫీలు, కేకలు, మొక్కజొన్న కంకుల పొగ. పొద్దు కుంకాక కార్లన్నీ ఒక్కొక్కటే దిగిపోయాయి. గంటలో బండ మీద మేం నలుగురం, కంకులమ్మే ఆమె మిగిలాం. ఆమె నిప్పుల మీద చివరి కంకిని తిప్పి, నిమ్మచెక్కను ఉప్పుకారంలో అద్ది గింజ గింజకూ పట్టేలా రుద్ది మా అబ్బాయికిచ్చింది. "అంచుకు పోవద్దు నాయనా, గాలి తోసేస్తుంది" అంది. నిజంగానే తోస్తుంది. అత్త శాలువా రెండు చేతులా పట్టుకున్నా జెండాలా ఎగిరింది. కింద పల్లెల్లో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే మావాడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, నలభై దాటాక వదిలేశాడు. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు బండ మీద వాళ్ల చెయ్యి వదలొద్దు. మంచు పడితే బండ జారుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఎన్విరాన్‌మెంటల్ పార్క్ చిన్నపిల్లలకు బాగుంటుంది, గంట చాలు. గంగోత్రి అనే చిన్న చెరువు వర్షాలు పడ్డాక చూడదగ్గది. కోతులు ఎక్కువ, చేతిలో తినుబండారాల సంచీ కనబడనివ్వొద్దు.

తెల్లవారుజామున మంచు ఎంతగా పట్టిందంటే ఎదురుగా ఉన్న మా కారు కనబడలేదు. నీలగిరి ఆకుల నుంచి నీటిబొట్లు కారు టాపు మీద టప్ టప్‌మని పడుతుంటే వాన అనుకుని అత్త గొడుగు తీసింది. ఎనిమిదింటికి ఎండ పొడ వచ్చాక మంచు లోయలోకి దిగిపోయింది.

తిరుగు దారిలో మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ దగ్గర ఆగాం. 1919లో ఠాగూర్ ఇక్కడ ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసుకున్నారు. స్కూల్లో రోజూ పాడే పాటకు మన పక్క ఊరితో ఇంత సంబంధం ఉందని మావాడికి తెలియదు. గేటు దగ్గర నిలబడి మెల్లగా పాడుకున్నాడు. తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది కూడా మదనపల్లెలోనే. ఆయన పెట్టిన రిషివ్యాలీ స్కూలు దగ్గర్లోనే ఉంది కానీ అది పిల్లలు చదువుకునే చోటు, చూసే ప్రదేశం కాదని మేం వెళ్లలేదు. మార్కెట్ దగ్గర టమాటా లారీలు బారులు తీరి ఉన్నాయి. మా ఆయన బేరం చేయకుండా ఐదు కిలోలు కొన్నారు.

భాకరాపేట ఘాట్‌ను చీకట్లో దాటొద్దని మధ్యాహ్నమే బయల్దేరాం. మీరూ అలాగే చేయండి. రంగంపేట దాటాక అద్దం దించితే వేడిగాలి మొహానికి కొట్టింది. అత్త శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని, "ఈసారి రెండు రాత్రులకు అడుగు, కిటికీ చూసుకుని" అంది.