బీఎంఐ, టేపు, పాత చీటీ: చిక్కిపోయిన రోగి విషయంలో ఏది మేలు?

కనిగిరి వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లను ఎత్తు కొలిచే స్కేలు ముందు నిలబెట్టినప్పుడల్లా ఆ స్కేలు మీద నాకు నమ్మకం సడలుతుంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన వెన్నెముక వంగి, బిగుసుకుపోయి ఉంటుంది. ఒకప్పుడు 165 సెంటీమీటర్లున్న మనిషి 152కు వంగాడనుకుందాం. బరువు 45 కిలోలు. ఇప్పటి ఎత్తుతో లెక్కిస్తే బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 19.5. ‘బరువు తక్కువ’ గీత 18.5 దగ్గర కాబట్టి మామూలే అనిపిస్తుంది. అసలు ఎత్తుతో లెక్కిస్తే 16.5! ఇలాంటి వారికి మోచేతి కొన నుంచి మణికట్టు ఎముక దాకా కొలిచి, పట్టికలో ఎత్తు అంచనా వేసుకోవడం నయం. ముంజేయి వంగదు కదా.

ఎత్తు గొడవే లేనిది టేపు. అంగన్‌వాడీలో వాడే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ టేపు కాదు సుమా. అది ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలది, 11.5 సెంటీమీటర్ల లోపైతే ఎరుపు. దాన్ని పెద్దవాళ్లకు చుట్టి ‘ఆకుపచ్చ, బాగున్నారు’ అనగల ఉత్సాహవంతులూ ఉన్నారు! పెద్దలకు దర్జీ టేపు చాలు. భుజానికీ మోచేతికీ నడిమధ్య చుట్టుకొలత 23.5 సెంటీమీటర్ల లోపైతే బీఎంఐ 20 కంటే తక్కువ ఉండవచ్చని అనుమానించాలి. కిడ్నీ, లివరు రోగులకు ఇదే మేలు. ఒంట్లో చేరిన నీరు మిషను మీద కండలా తూగుతుంది.

అయినా ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు మునుపటి బరువు రాసి ఉన్న పాత ఓపీ చీటీకే. 165 సెంటీమీటర్ల మనిషి మూడు నెలల్లో 72 నుంచి 62 కిలోలకు దిగితే బీఎంఐ 22.8, అంటే నిక్షేపం. కానీ అనుకోకుండా పోయింది దాదాపు 14 శాతం బరువు. షుగరు, క్షయ, థైరాయిడ్, క్యాన్సర్ వెతకాల్సింది ఇక్కడ. పెళ్లినాటి నుంచీ 44 కిలోలే ఉన్న కోడలి బీఎంఐ 18 లోపున్నా అంత కంగారు ఉండదు. రక్తహీనత, తిండి సంగతి మాత్రం అడగాలి.

ఇక రాత. ‘నీరసం, టానిక్ ఇచ్చాం’ అన్న చీటీ తర్వాతి డాక్టరుకు ఎందుకూ కొరగాదు. ‘45 కిలోలు, మూడు నెలల కిందట 51, ఎత్తు ముంజేతి కొలతతో అంచనా, కాళ్లవాపు లేదు, బరువు తక్కువ, కారణం చూడాలి’ అని రాస్తే అరనిమిషం. అంకెలు నర్సు వేయవచ్చు, ‘బరువు తక్కువ’ అన్న నిర్ణయం మాత్రం డాక్టరే రాయాలి.

క్షయ మాత్రల లెక్కా ఈ బరువు అంకె మీదే నడుస్తుంది: 35 నుంచి 49 కిలోల వారికి రోజుకు 3, 50 నుంచి 64 కిలోల వారికి 4. చెప్పులు, జేబులో ఫోను, మొలకున్న తాళాలగుత్తి తీయించి తూచడానికి ఇదొక్కటి చాలు.