కార్నౌస్టీలో ఎక్కడ నిలబడాలి?

2018 జులైలో స్కాట్లండ్‌లోని కార్నౌస్టీలో జరిగిన ఓపెన్ ఛాంపియన్‌షిప్ గోల్ఫ్ టోర్నీ చూద్దామని మా బావగారు హైదరాబాద్ నుంచి వచ్చారు. గోల్కొండ నయాఖిలా గోల్ఫ్ కోర్సులో ఆడే మనిషి. ఆ వేసవి అక్కడ వానల్లేక గడ్డి ఎండిపోయింది. రైల్లోంచి కోర్సు కనబడగానే, "ఇదేంట్రా, నీళ్లు పెట్టడం మర్చిపోయారా?" అన్నారు.

గది డండీలో తీసుకోవడమే నయమైంది. కార్నౌస్టీ చిన్న ఊరు, స్టేషన్ కోర్సు పక్కనే, డండీ నుంచి రైల్లో పావుగంట. గది మాత్రం ఉక్కపోత. కిటికీ తెరుచుకోదు. ఫ్యాన్ ఉందా అని అడిగితే ఓనరమ్మ రెండో దుప్పటి తెచ్చిచ్చింది!

గురువారం తొలి రౌండ్‌కి వెళ్లి ఒక పొరపాటు చేశాం. రెండు గంటలు టీ, అంటే తొలి దెబ్బ కొట్టే చోటు, దగ్గరే నిలబడ్డాం. అక్కడ స్వింగ్ తప్ప ఏమీ కనబడదు. అసలు ఆటంతా బంతి నేలను తాకాకే. తర్వాత ఫెయిర్‌వే, అంటే టీకీ గుంటకీ మధ్య గడ్డి కత్తిరించిన దారి, పక్కకి మారాం. నేల కళ్ళంలా ఉంది. బంతి టక్కున పడి, కాస్త దుమ్ము లేపి, రెండు గెంతులేసి దొర్లుతూనే పోయింది. ఆగిందనుకున్నాక ఇంకో పది గజాలు జారి బంకర్ (ఇసుక గుంట) అంచున చేరింది.

7,402 గజాల కోర్సులో దూరం సమస్యే కాలేదు, ఆపడమే సమస్య. అందుకే టైగర్ వుడ్స్ చాలా హోల్స్‌లో ఐరన్‌తో (తక్కువ దూరం పోయే కర్రతో) కొట్టి బంకర్లకి ఇవతలే ఆగాడు. ఇంకో పేరున్న ఆటగాడు మెకిల్రాయ్ డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే కర్ర) తీసి వాటి మీదుగా దాటించాడు. ఎండకి రఫ్, అంటే పక్కనుండే పొడుగు గడ్డి, కూడా పలచబడింది కాబట్టి అదీ పిచ్చి సాహసమేం కాదు. నేను మెకిల్రాయ్ వైపు, బావగారు ఐరన్ వైపు. పందెం బిర్యానీ. మధ్యాహ్నానికి మాత్రం డబ్బాలో తెచ్చుకున్న పులిహోరే.

గ్రీన్లకి, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డికి, నీళ్లు పెట్టినట్టున్నారు, పచ్చగా ఉన్నాయి. వాటికంటే ఫెయిర్‌వేలే వేగంగా ఉన్నాయని ఆటగాళ్లే అన్నారు. శుక్రవారం పొద్దున వాన పడింది. మేం ఆరోజు గదిలో టీవీ ముందే ఉన్నాం. గురువారం టికెట్ కొనడం అదృష్టమే.

ఆదివారం ఇంకో గోల్ఫ్ ఊరు సెయింట్ ఆండ్రూస్ వెళ్లాం. అక్కడికి రైలు లేదు, లూకర్స్‌లో దిగి బస్సెక్కాలి. ఓల్డ్ కోర్సులో మామూలుగా ఆదివారం ఆట ఉండదు, ఎవరైనా నడవచ్చు. టికెట్ లేదు, తోపులాట లేదు. చూడటానికి కార్నౌస్టీ కంటే ఇదే హాయి. ఆ గట్టి నేల కాలికి తగిలితేనే గురువారం చూసిందంతా సరిగ్గా అర్థమైంది.

ఆ కోర్సులోని స్విల్కన్ వంతెన మీద ఫొటో కోసం క్యూలో ఉండగా, ఫోన్లో ఓపెన్ చివరి రౌండ్ ఆడుతున్న మోలినారి కనబడ్డాడు. మొదటి 13 హోల్సూ వరసగా పార్ (నిర్ణయించినన్ని దెబ్బలు), 14లో బర్డీ (ఒక దెబ్బ తక్కువ), 18లో ఇంకోటి. మొత్తం 8 అండర్, అంటే నాలుగు రౌండ్లలో పార్‌కి ఎనిమిది తక్కువతో గెలిచాడు. మెకిల్రాయ్ రెండు షాట్లు వెనక. "బిర్యానీ!" అని బావగారు అరిచేసరికి వెనకవాళ్లు మమ్మల్ని దాటి వంతెనెక్కేశారు.